ఫ్లైట్ సిమ్యులేటర్‌లో చారిత్రక ఫైటర్ విమానాల రంగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండవ ప్రపంచ యుద్ధంలో ఎగిరిన ఫైటర్ విమానాల అసలు రంగులను, గుర్తులను సిమ్యులేటర్‌లో మళ్ళీ చూపాలనుకునేవారికి తరచుగా వచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఉదాహరణలు ఎక్కువగా బ్రిటిష్, అమెరికన్ విమానాల నుంచి తీసుకున్నవి. వాటి రంగుల ఆదేశాలు తేదీలతో సహా బాగా నమోదై ఉండటమే అందుకు కారణం. బొమ్మ గీయడం కన్నా ఆధారాలు వెతకడానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే పనిలో కూడా సమయమంతా అక్కడే పడుతుంది.

స్కిన్ అంటే ఏమిటి? దానితో విమానం ఆకారం కూడా మారుతుందా?

మారదు. సిమ్యులేటర్‌లోని విమానం ఒక త్రిమితీయ నమూనా; దాని ఉపరితలాన్ని విప్పి చదునుగా పరచినట్లు ఉండే చతురస్రాకారపు బొమ్మనే స్కిన్ అని, కొన్ని సిమ్యులేటర్లలో లివరీ అని అంటారు. ఆ బొమ్మలో ఏ చుక్క రెక్క మీదికి వెళుతుందో, ఏది తోక మీదికి వెళుతుందో నమూనాను తయారు చేసినవారు ముందే నిర్ణయించి ఉంచుతారు. మీరు మార్చగలిగేది రంగు, గుర్తులు, ఉపరితలం మెరిసే తీరు మాత్రమే. అందువల్ల సిమ్యులేటర్‌లో ఉన్నది స్పిట్‌ఫైర్ మార్క్ 9 అయితే, దాని మీద మార్క్ 5 ఎగిరిన స్క్వాడ్రన్ గుర్తులు ఎంత శ్రద్ధగా వేసినా అది చారిత్రక పునఃసృష్టి కాదు. ఎంచుకున్న విమానం, సిమ్యులేటర్‌లోని నమూనా ఒకే రకానివో కాదో తేల్చుకున్న తరువాతనే పని మొదలుపెట్టండి.

మొదటి ప్రయత్నానికి ఎటువంటి విమానాన్ని ఎంచుకోవాలి?

ప్రసిద్ధ పైలట్ విమానం కన్నా, స్పష్టమైన ఫొటో ఉన్న విమానం మంచిది. ఎడమ పక్క నుంచి ఒకటి, వీలైతే కుడి పక్క నుంచి మరొకటి, సీరియల్ నంబరు చదవగలిగేలా ఉంటే చాలు. పేరున్న విమానాలకు మరో చిక్కు ఉంది: వాటి రంగులు కాలంతో పాటు మారుతూ వచ్చాయి. అమెరికన్ పైలట్ బడ్ ఆండర్సన్ నడిపిన పీ-51డీ మస్టాంగ్ ‘ఓల్డ్ క్రో’ మొదట ముదురు ఆకుపచ్చ పూతతో ఉండేది. 1944 శీతాకాలంలో ఆయన సిబ్బంది ఆ పూతను గీకివేసి విమానాన్ని వెండి రంగు లోహానికి తెచ్చారు. రెండూ నిజమైన ‘ఓల్డ్ క్రో’లే. కాబట్టి ‘ఫలానా పైలట్ విమానం’ అని కాక, ‘ఫలానా విమానం, ఫలానా నెలలో’ అని నిర్ణయించుకోవాలి.

తేదీకి అంత ప్రాధాన్యం ఎందుకు?

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి దీనిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్ ఫైటర్లనే చూడండి. యుద్ధం మొదలైనప్పుడు వాటి పైభాగం ముదురు మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ పట్టీలతో ఉండేది. అడుగుభాగంలో ఒక రెక్క నలుపు, ఒక రెక్క తెలుపు. 1940 జూన్‌లో అడుగుభాగమంతా ‘స్కై’ అనే లేత ఆకుపచ్చ ఛాయకు మార్చాలని ఆదేశం వచ్చింది. అదే సంవత్సరం నవంబరు చివర తోకకు ముందు 18 అంగుళాల వెడల్పున స్కై రంగు పట్టీ, ముక్కు మీద స్కై రంగు స్పిన్నర్ (ప్రొపెల్లర్ నడుమ ఉండే శంకువు ఆకారపు టోపీ) వచ్చాయి. ఎడమ రెక్క అడుగుభాగం కొన్ని నెలల పాటు మళ్ళీ నల్లబడింది. 1941 ఆగస్టులో పైన మట్టి రంగు పోయి ‘ఓషన్ గ్రే’ వచ్చింది, అడుగున స్కై స్థానంలో ‘మీడియం సీ గ్రే’ వచ్చింది. అంటే రెండేళ్ళు కూడా నిండకుండానే ఒకే రకం విమానం నాలుగైదు రూపాల్లో కనిపిస్తుంది. బ్రిటన్ గగనతలంలో జర్మన్ వైమానిక దళంతో జరిగిన బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌కు బ్రిటన్ చెప్పే కాలం 1940 జూలై 10 నుంచి అక్టోబరు 31 వరకు. అందువల్ల ఆ పోరాటం పేరుతో విడుదలయ్యే స్కిన్‌లలో తోక ముందు స్కై పట్టీ కనిపిస్తే, ఆ స్కిన్ చేసినవారు తేదీ చూసుకోలేదని వెంటనే చెప్పవచ్చు.

అమెరికన్ విమానాలకు రంగుల కన్నా గుర్తులే మంచి గడియారం. నీలి వృత్తంలో తెల్లని నక్షత్రం, దాని నడుమ ఎర్రని చుక్క ఉండే పాత గుర్తు నుంచి 1942 మేలో ఆ ఎర్ర చుక్కను తీసివేశారు, ఎందుకంటే జపాన్ విమానాల మీది ఎర్ర వృత్తంతో దానిని పొరబడే ప్రమాదం ఉండేది. మే మొదటి వారంలో జరిగిన కోరల్ సీ యుద్ధంలో ఎర్ర చుక్క ఉంది. జూన్ మొదటి వారంలో జరిగిన మిడ్‌వే యుద్ధానికి అది లేదు. మధ్యలో ఉన్నది ఒక్క నెల. 1943 జూన్ చివర నక్షత్రానికి ఇరువైపులా తెల్లని పట్టీలు, చుట్టూ ఎర్రని అంచు వచ్చాయి. ఆగస్టులో ఆ అంచును నీలానికి మార్చమన్నారు. ఎర్ర అంచు ఉన్న విమానం ఫొటో దొరికితే అది ఏ కాలానిదో చాలావరకు తేలినట్లే.

అయితే ఆదేశం వెలువడిన రోజునే ప్రతి విమానమూ మారిపోలేదు. వైమానిక స్థావరంలో పెయింటు డబ్బా, తీరిక దొరికినప్పుడే మారింది. కాబట్టి ఆదేశానికి, ఫొటోకు పొసగకపోతే ఫొటోనే నమ్మాలి.

నలుపు-తెలుపు ఫొటో నుంచి రంగు తెలుసుకోవచ్చా?

ఒక్క ఫొటోతో రంగును నిర్ధారించలేము. కానీ తెలిసిన రంగుతో పోల్చి, ఏ రంగు కాదో చెప్పగలము. మొదట ఆ ఫొటో ఏ రకం ఫిల్ము మీద తీసినదో చూడాలి. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు దాదాపు కనిపించదు. అందువల్ల ఎరుపు నల్లగా, పసుపు ముదురుగా, నీలం లేతగా పడతాయి. పాంక్రోమాటిక్ ఫిల్ములో పసుపు లేతగానే ఉంటుంది. బ్రిటిష్ విమానం పక్కన ఉండే గుండ్రటి గుర్తు, అంటే రౌండెల్, ఇందుకు చక్కని పరీక్ష: దాని బయటి పసుపు వలయం ముదురుగా కనిపిస్తూ, లోపలి నీలం లేతగా ఉంటే అది ఆర్థోక్రోమాటిక్ ఫొటో. ఈ పరీక్ష చేయకుండా ‘ఈ విమానానికి పసుపు వలయం లేదు’ అనో, ‘ముక్కు నలుపు’ అనో తేల్చినవారు ఎందరో ఉన్నారు.

ఇంటర్నెట్‌లో విరివిగా దొరికే, కంప్యూటరుతో రంగులద్దిన పాత ఫొటోలను ఆధారంగా పూర్తిగా పక్కన పెట్టండి. వాటిలోని రంగు ఎవరో ఊహించినది, లేదా ఒక ప్రోగ్రాము ఊహించినది.

అధికారిక రంగు కోడ్‌ను తెర మీద రంగుగా మార్చడం ఎలా?

జర్మన్ విమానాలకు ఆర్‌ఎల్‌ఎమ్, అంటే అప్పటి జర్మన్ విమానయాన మంత్రిత్వ శాఖ, ఇచ్చిన రంగుల సంఖ్యలు ఉన్నాయి. 1941 నుంచి ఫైటర్ల మీద ఎక్కువగా కనిపించే బూడిద రంగుల జట్టు 74, 75, 76. బ్రిటిష్ రంగులకు పేర్లు ఉన్నాయి. అమెరికన్ రంగులకు చాలామంది ఫెడరల్ స్టాండర్డ్ 595 సంఖ్యలు ఇస్తారు, కానీ ఆ ప్రమాణం 1956లో వెలువడింది. కాబట్టి యుద్ధకాలపు రంగుకు ఇచ్చే ఆ సంఖ్య దగ్గరి పోలికే తప్ప అదే రంగు అనడానికి వీల్లేదు.

రంగుల చీటీని యంత్రంతో కొలిచిన విలువ దొరికితే, దానిని తెర రంగులకు వాడే ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణపు విలువగా మార్చి మూల రంగుగా పెట్టుకోండి. స్కాన్ చేసిన పుస్తకం పేజీ నుంచి కలర్ పికర్‌తో రంగు తీసుకోవడం తేలికే గాని, ముద్రణ, స్కానరు, మీ మానిటరు మూడూ ఆ రంగును తలో వైపు లాగి ఉంటాయి.

స్కేల్ మోడళ్ళు తయారు చేసేవారి నుంచి వచ్చిన ఒక అలవాటును ఇక్కడ ప్రస్తావించాలి. చిన్న మోడల్‌ను దగ్గరగా చూస్తాము కాబట్టి, దూరపు విమానాన్ని చూస్తున్నట్లు అనిపించడానికి వారు రంగును కొద్దిగా లేత చేస్తారు. సిమ్యులేటర్‌లో విమానం పూర్తి పరిమాణంలోనే ఉంటుంది, దూరానికి తగినట్లు గాలి మసకను సిమ్యులేటర్ ఇంజినే, అంటే దృశ్యాన్ని గీసే ప్రోగ్రామే, కలుపుతుంది. మీరు ముందే లేత చేస్తే రెండు సార్లు లేత చేసినట్లవుతుంది. ఈ ఒక్క కారణం వల్ల సున్నం కొట్టినట్లు పాలిపోయిన స్కిన్‌లు చాలా ఉన్నాయి.

మూల రంగు పెట్టాక మిట్ట మధ్యాహ్నం, మబ్బు పట్టిన పగలు, సూర్యాస్తమయం మూడింటిలోనూ విమానాన్ని చూడండి. మధ్యాహ్నపు ఎండలో ఒక్కదానిలోనే చూసి సరిదిద్దితే మిగతా వేళల్లో రంగు తేడా కొడుతుంది.

మ్యూజియంలో ఉన్న విమానాన్ని చూసి రంగులు వేయవచ్చా?

రివెట్ల వరుసలు, తలుపుల అంచులు, హెచ్చరిక రాతల స్థానాలు తెలుసుకోవడానికి మ్యూజియం విమానం కన్నా మంచి ఆధారం లేదు. రంగు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. చాలా విమానాలకు యుద్ధం తరువాత ఎన్నోసార్లు రంగులు వేశారు. కొన్నింటికి ఉద్దేశపూర్వకంగా వేరే విమానం గుర్తులు వేస్తారు. బ్రిటన్‌లోని బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ మెమోరియల్ ఫ్లైట్ తన స్పిట్‌ఫైర్‌లకు వేర్వేరు స్క్వాడ్రన్ల గుర్తులను మార్చి మార్చి వేస్తూ ఉంటుంది. అది గౌరవ సూచకం. ఆ విమానం సొంత చరిత్రకు సాక్ష్యం కాదు. ఎన్నడూ మళ్ళీ రంగు వేయని శకలం, అందులోనూ ఎండ తగలని పలక వెనుక భాగం, వేరే సంగతి. అలాంటిది దొరికితే అదే అత్యుత్తమ ఆధారం.

ఒకే బొమ్మ చాలదా? ఈ రఫ్‌నెస్, మెటాలిక్ ఫైళ్ళు ఎందుకు?

పాత సిమ్యులేటర్లలో ఒకే బొమ్మ సరిపోయేది. ‘ఐఎల్-2’ అనే సిమ్యులేటర్ తొలి తరంలో 256 రంగులకు పరిమితమైన బీఎమ్‌పీ ఫైలుతోనే పని జరిగేది. అందుకే నీడలు, మెరుపులు అన్నీ ఆ బొమ్మలోనే గీసేవారు. ఇప్పటి సిమ్యులేటర్లలో కాంతిని సిమ్యులేటర్ ఇంజినే లెక్కిస్తుంది కాబట్టి, రంగు బొమ్మలో నీడలు గీస్తే సూర్యుడు ఎటు ఉన్నా అవి అక్కడే అతుక్కుని ఉంటాయి. రంగు ఒక ఫైలులో, గరుకుదనం, లోహత్వం మరొక ఫైలులో, రివెట్ల ఎత్తుపల్లాలు నార్మల్ మ్యాప్ అనే ఇంకో ఫైలులో ఉంటాయి. డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్‌లో రఫ్‌మెట్ అనే ఫైలు ఉంటుంది. దాని ఎరుపు ఛానెల్‌లో మూలల్లోని మసక, ఆకుపచ్చలో గరుకుదనం, నీలంలో లోహత్వం నమోదవుతాయి.

దీని ప్రయోజనం మస్టాంగ్ విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. రంగు వేయని పీ-51 అంతా ఒకేలా తళతళలాడుతుందని అనుకుంటాము. నిజానికి దాని రెక్క మీద గాలి సాఫీగా జారాలని, ముందు భాగంలోని రివెట్లను, అతుకులను పుట్టీతో పూడ్చి, పైన అల్యూమినియం రంగు పూత వేసేవారు. కాబట్టి పక్కభాగం లోహం, రెక్క వెండి రంగు పెయింటు. రెండింటికీ ఒకే లోహత్వం ఇస్తే రెక్క అద్దంలా మెరిసి, విమానం మొత్తం అబద్ధంగా కనిపిస్తుంది. రెక్కకు లోహత్వం బాగా తగ్గించి, గరుకుదనం పెంచాలి.

ఏ సాఫ్ట్‌వేర్ కావాలి?

లేయర్లతో పని చేయగలిగి, సిమ్యులేటర్లు చదివే బొమ్మల ఫైలు రకమైన డీడీఎస్‌గా భద్రపరచగలిగేది ఏదైనా సరిపోతుంది. ఫొటోషాప్ ఉన్నవారు ప్లగిన్‌తో దానినే వాడుకోవచ్చు. జింప్, పెయింట్ డాట్ నెట్ ఉచితం, ఈ పనికి చాలు.

అక్షరాలు విమానం మీద తిరగబడి కనిపిస్తున్నాయి. ఎందుకు?

కొన్ని నమూనాలలో కుడి, ఎడమ పక్కలు బొమ్మలోని ఒకే భాగాన్ని పంచుకుంటాయి. అప్పుడు ఒక పక్క రాసినది రెండో పక్క అద్దంలో చూసినట్లు తిరగబడుతుంది. నమూనా అలా ఉంటే స్కిన్‌తో దానిని సరిచేయలేరు. పక్కలు విడిగా ఉన్నా తిరగబడుతున్నాయంటే, మీరు ఒక పక్క లేయరును నకలు చేసి అడ్డంగా తిప్పి ఉంటారు; అక్షరాలను మాత్రం విడిగా మళ్ళీ అమర్చండి.

కంప్యూటరులోని తయారీ ఫాంట్లతో అక్షరాలు వేయకపోవడమే మంచిది. స్క్వాడ్రన్ అక్షరాలు చాలావరకు చేత్తో వేసినవి. ఒకే స్క్వాడ్రన్‌లోని రెండు విమానాలలో ఒకే అక్షరం రెండు తీరులుగా ఉంటుంది. ఫొటోను టెంప్లేట్ (విమానం భాగాల అంచులు గీసి ఉన్న ఖాళీ స్కిన్ బొమ్మ) మీద పరచి దాని మీదుగా గీయడమే సరైన పద్ధతి. రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో సాధారణంగా రెండు అక్షరాలు స్క్వాడ్రన్‌వి, మూడోది విమానానిది. వింగ్ కమాండర్లకు మాత్రం తమ పేరులోని అక్షరాలు వేయించుకునే హక్కు ఉండేది. బ్రిటిష్ పైలట్ జానీ జాన్సన్ విమానం మీది జేఈ-జే అటువంటిదే. దానిని స్క్వాడ్రన్ కోడ్ అనుకుని జాబితాల్లో వెతికితే దొరకదు.

పెచ్చులూడటం, మసి, మురికి ఎంత చూపాలి?

మీరు అనుకున్నదానిలో సగం చూపండి. పోరాట కాలంలో ఫైటర్ విమానం ఆయుష్షు చాలాసార్లు కొద్ది నెలలే. పదేళ్ళు ఎండకు వదిలేసిన లారీలా దానిని చూపడం అన్యాయం.

ఎంత అన్నదాని కన్నా ఎక్కడ అన్నది ముఖ్యం. పైలట్, మెకానిక్ ఎక్కి దిగే రెక్క మొదలు దగ్గర, తూటాలు నింపడానికి తరచూ తెరిచే పలకల అంచుల్లో, రెక్క ముందంచున పూత అరుగుతుంది. ఇంజిను పొగ గొట్టాల నుంచి మసి గాలి వాటాన వెనక్కి చారలా సాగుతుంది. అడుగుభాగంలో నూనె చారలు ఉంటాయి.

పూత కింద ఏమున్నదో తెలియకుండా ఒక్క పెచ్చు కూడా ఊడదీయకండి. హరికేన్ వెనుక భాగానికి ఉన్నది గుడ్డ తొడుగు. అక్కడ వెండి రంగు పెచ్చులు గీస్తే గుడ్డలో నుంచి అల్యూమినియం బయటపడినట్లుంటుంది. స్పిట్‌ఫైర్ తోకలో కదిలే భాగాలకూ గుడ్డే. మస్కిటో అయితే చాలావరకు చెక్క. దీనికి భిన్నంగా, జపాన్ సైన్యపు కీ-61 వంటి విమానాలకు చాలాసార్లు అస్తరు పూత లేకుండా నేరుగా లోహం మీదే ఆకుపచ్చ వేశారు, అది పెద్ద పెద్ద పెచ్చులుగా ఊడిపోయేది. ఆ విమానాలకు మాత్రం మీరు మొహమాట పడనక్కరలేదు.

1944 నాటి నలుపు-తెలుపు పట్టీలను సరిగ్గా వేయడం ఎలా?

నార్మండీ దాడికి ముందు మిత్రపక్షాల విమానాల మీద వేసిన గుర్తింపు పట్టీలు అయిదు: తెలుపుతో మొదలై తెలుపుతో ముగుస్తాయి, మధ్యలో రెండు నలుపు. ఒక ఇంజిను ఉన్న ఫైటర్లకు ఒక్కో పట్టీ 18 అంగుళాలు, రెండు ఇంజిన్లవాటికి 24 అంగుళాలు. రహస్యం బయటపడకూడదని జూన్ 6కు ముందు రెండు మూడు రోజుల్లోనే హడావిడిగా వేశారు, చాలాచోట్ల బ్రష్షుతోనే. కాబట్టి స్కేలు పెట్టి గీసినంత నిటారైన అంచులు ఇక్కడ అనుమానాస్పదం; కొద్దిగా వంకర, పల్చని చోట్ల కింది రంగు తొంగిచూడటం నిజానికి దగ్గరగా ఉంటాయి. సుమారు ఒక నెల తరువాత పైభాగపు పట్టీలు తీసివేయడం మొదలైంది, అడుగుభాగంలోవి ఇంకొంతకాలం మిగిలాయి. శరదృతువు నాటి విమానానికి రెక్క పైన పూర్తి పట్టీలు వేసే ముందు ఫొటో చూడండి.

భారత స్క్వాడ్రన్ల విమానాల గుర్తులు ఎలా ఉండేవి?

బర్మా రంగంలో పోరాడిన భారత వైమానిక దళ స్క్వాడ్రన్లు మిత్రపక్షాల ఆగ్నేయాసియా సైనిక విభాగమైన సౌత్ ఈస్ట్ ఏషియా కమాండ్ నియమాలనే పాటించాయి. అక్కడి బ్రిటిష్ తరహా రౌండెల్ నుంచి ఎరుపును పూర్తిగా తొలగించి, ముదురు నీలం, లేత నీలంతోనే వేశారు. కారణం మళ్ళీ జపాన్ ఎర్ర వృత్తమే. 1944లో అర్జన్ సింగ్ నాయకత్వంలో ఇంఫాల్ వద్ద పోరాడిన 1వ స్క్వాడ్రన్ హరికేన్‌లకు ఐరోపా రౌండెల్ వేస్తే అది తప్పు. యుద్ధం చివరి దశలో రెక్కల మీద, తోక మీద కామఫ్లాజ్ విమానాలకు తెల్లని పట్టీలు, వెండి రంగు విమానాలకు ముదురు పట్టీలు కూడా చేరాయి.

జర్మన్ విమానాల తోక మీది స్వస్తిక గుర్తును వేయాలా?

చరిత్ర ప్రకారం అది అక్కడ ఉంది. జర్మనీలో నాజీ చిహ్నాల ప్రదర్శనను నేర చట్టంలోని 86ఏ సెక్షన్ నిషేధిస్తుంది. 2018 నుంచి ఆటలకు సందర్భాన్ని బట్టి మినహాయింపు ఇస్తున్నా, చాలా సిమ్యులేటర్లు ఆ గుర్తు లేకుండానే విడుదలవుతాయి, పంచుకునే వేదికలు కూడా దానిని అనుమతించకపోవచ్చు. ఆ గుర్తును ప్రత్యేక లేయరులో ఉంచి, గుర్తు లేని ఫైలునే విడుదల చేయడం నాకు సబబుగా తోస్తుంది. ఫిన్లాండ్ నీలి స్వస్తిక వేరు; అది 1918లో ఒక స్వీడిష్ ప్రభువు కానుకగా ఇచ్చిన విమానంతో వచ్చి 1945 వరకు కొనసాగింది. అయినా వేదికల నియమాలు ఈ తేడాను పట్టించుకోకపోవచ్చు.

ఆటలో తెరిస్తే బూడిద రంగు ఆకుపచ్చగా మారింది, గుర్తుల అంచులు మురికిగా ఉన్నాయి. ఏం చేయాలి?

ఇది ఫైలును కుదించే పద్ధతి వల్ల వచ్చేది. 4096 పిక్సెళ్ళ చతురస్రపు బొమ్మ కుదించకుండా ఉంటే 64 మెగాబైట్లు. డీఎక్స్‌టీ5 అనే కుదింపు పద్ధతిలో 16, డీఎక్స్‌టీ1 అనే దానిలో 8. దూరానికి వాడే చిన్న నకళ్ళు, అంటే మిప్‌మ్యాప్‌లు, చేరితే మరో మూడోవంతు పెరుగుతుంది. ఈ పద్ధతులు నాలుగు పిక్సెళ్ళ వెడల్పు, నాలుగు ఎత్తు ఉన్న ప్రతి గడికీ రెండు మూల రంగులనే దాచి, మిగతావి వాటి మధ్య నుంచి ఊహిస్తాయి. ఎరుపు, తెలుపు, నీలం కలిసే రౌండెల్ అంచున అందుకే మురికి కనిపిస్తుంది. ఆ మూల రంగులలో ఆకుపచ్చకు 6 బిట్లు, ఎరుపు, నీలాలకు 5 చొప్పున ఉంటాయి కాబట్టి లేత బూడిద రంగులు ఒక పక్కకు ఒరుగుతాయి. సిమ్యులేటర్ అనుమతిస్తే బీసీ7 అనే మెరుగైన కుదింపు పద్ధతి వాడండి. లేకపోతే పెద్ద రంగు ప్రదేశాల మీద కనీ కనిపించని సన్నని చుక్కల అలజడి కలిపితే ఆ ఒరుగు చెదిరిపోయి కంటికి తెలియదు. లేయర్లు ఉన్న అసలు ఫైలును ఎప్పుడూ విడిగా దాచుకోండి. కుదించిన ఫైలును మళ్ళీ తెరిచి దిద్ది మళ్ళీ కుదిస్తే ప్రతిసారీ నాణ్యత తగ్గుతుంది.

స్కిన్‌ను నలుగురితో పంచుకునేటప్పుడు ఏమేమి జతచేయాలి?

టెంప్లేట్ ఇతరులు చేసినదైతే వారి అనుమతి, పేరు తప్పనిసరి. ఇంకొకరి స్కిన్ నుంచి మురికి లేయరు ఒక్కటి తీసుకున్నా అంతే. డీసీఎస్ వంటి సిమ్యులేటర్‌లో ఫైళ్ళను ఆట స్థాపించిన ఫోల్డరులో కాక, సేవ్డ్ గేమ్స్ కింద ఉన్న లివరీస్ ఫోల్డరులో పెట్టమని స్పష్టంగా రాయండి.

వీటితో పాటు ఒక చిన్న వివరణ పత్రం పెట్టండి. విమానం సీరియల్ నంబరు, స్క్వాడ్రన్, స్థావరం, నెల, సంవత్సరం అందులో ఉండాలి. ఆ తరువాత ఏ భాగం ఫొటోలో కనిపించింది, ఏ భాగం అప్పటి ఆదేశాన్ని బట్టి వేసినది, ఏది కేవలం మీ అంచనా అన్నది విడివిడిగా చెప్పండి. ఎడమ పక్క ఫొటో మాత్రమే దొరికిన విమానానికి కుడి పక్క అక్షరాల అమరిక, రెక్క పైభాగపు రంగుల సరిహద్దులు, స్పిన్నర్ వెనుక భాగం దాదాపు ఎప్పుడూ ఈ మూడో కోవలోకే వస్తాయి. ఎవరి దగ్గరైనా కుడి పక్క ఫొటో ఉంటే, ఏ భాగాన్ని సరిచూడాలో ఆ పత్రం చదివి వారే మీకు చెప్పగలుగుతారు.